ఒక్క సెలవూ పెట్టని మనిషి: ఒక ప్యాకింగ్ విభాగంలో జబ్బు ఖర్చు లెక్క

మేనేజర్ గారు నన్ను పిలిచింది జిమ్ గురించి. అది పార్సెళ్లు కట్టి పంపే పెద్ద గోదాము. ప్యాకింగ్ విభాగంలో 64 మంది, మూడు షిఫ్టులు. ఏడాదిగా సిక్ లీవులు పెరుగుతున్నాయి, వాటితో పాటే ఓవర్‌టైమ్ ఖర్చూ పెరుగుతోంది. అందుకని ఒక గది ఖాళీ చేయించి ట్రెడ్‌మిల్లులు పెడదామని, రోజుకి ఎవరు ఎక్కువ అడుగులు నడిస్తే వాళ్లకి బహుమతి ఇచ్చే పోటీ ఒకటి నడుపుదామని ఆలోచన. "ఏ మెషీన్లు కొనాలో రాసివ్వండి డాక్టర్ గారూ, బడ్జెట్ సంగతి నేను చూసుకుంటాను" అన్నారాయన. మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత జరిగిన మార్పులకి పైవాళ్లతో వాదించి ఒప్పించింది కూడా ఆయనే.

నేను మనుషులు పనిచేసే చోటికే వెళ్లి వాళ్ల జబ్బులు చూసే డాక్టర్ని. మెషీన్ల జాబితా రాసే ముందు రెండు వారాలు గడువు అడిగాను. హాజరు రిజిస్టరు, ఓవర్‌టైమ్ షీట్లు, కస్టమర్ల నుంచి వెనక్కొచ్చిన పార్సెళ్ల లెక్క, ఫస్ట్ ఎయిడ్ గదిలో ఎవరికి ఏ మందు ఇచ్చారో రాసే పుస్తకం, ఈ నాలుగూ కావాలన్నాను. లైన్ పక్కన నిలబడి చూడటానికి, సూపర్‌వైజర్ లేనప్పుడు మనుషులతో మాట్లాడటానికి కూడా అనుమతి తీసుకున్నాను. ఇక్కడ రాస్తున్న మనుషులందరూ రాయడానికి ఒప్పుకున్నవాళ్లే. వాళ్లని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

బోర్డు మీది ఫోటో

ప్యాకింగ్ హాల్లోకి వెళ్లగానే ఎడమవైపు నోటీసు బోర్డు. దాని మీద "నూరు శాతం హాజరు" అన్న అక్షరాల కింద ఒకావిడ ఫోటో. మూడేళ్లలో ఒక్క సెలవు పెట్టలేదట. అందరూ ఆవిడలా ఉంటే మిమ్మల్ని పిలిచే పనే ఉండేది కాదు అన్నారు హెచ్‌ఆర్ వాళ్లు. ముందుగా ఆవిడ పనే చూద్దామని ఆ టేబుల్ పక్కన నిలబడ్డాను.

చదునుగా ఉన్న అట్టను విప్పి పెట్టె చేయాలి. అడుగున టేప్ వేయాలి. సరుకు పెట్టి, ఖాళీల్లో కాగితం కూరి, పైన మళ్లీ టేప్ వేసి, లేబుల్ అంటించి బెల్టు మీదికి తోయాలి. నిమిషం కూడా పట్టని పని, షిఫ్టు పొడుగునా అదే. టేప్ గన్ కుడిచేతిలో ఉంటుంది. టేప్ లాగాక తెంపడానికి మణికట్టుని కిందికి ఒక్క విసురు విసరాలి. ఒక్కో పెట్టెకి రెండు విసుర్లు. టేబుల్ ఎత్తు మార్చడానికి వీల్లేదు. పొడుగాటి మనిషికి సరిపోయేలా బిగించి ఉంది. దాని మీద పెట్టె, పెట్టె పైన టేప్. ఆవిడ పొట్టి మనిషి. పైన టేప్ వేసిన ప్రతిసారీ మోచెయ్యి భుజం దాకా లేస్తోంది, మణికట్టు కిందికి మడత పడుతోంది.

నాలుగైదు పెట్టెలకోసారి గన్ పక్కన పెట్టి, చెయ్యి కిందికి వేలాడేసి, తడి విదిలించినట్టు విదిలిస్తోంది. ఆ విదిలింపు నాకు బాగా తెలుసు.

"రాత్రిళ్లు చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా అమ్మా?" అని అడిగాను.

నా వంక చూసింది, తర్వాత సూపర్‌వైజర్ ఉన్న వైపు చూసింది. "అప్పుడప్పుడూ మేడమ్" అంది.

షిఫ్టు దిగాక ఫస్ట్ ఎయిడ్ గదిలో కూర్చున్నాం. అప్పుడప్పుడూ కాదు, ఎనిమిది నెలలుగా ప్రతి రాత్రీ. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారతాయి. చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటుంది. ఇది కార్పల్ టన్నెల్ లక్షణం. మణికట్టు దగ్గర ఎముకలకీ గట్టి పట్టీ లాంటి కణజాలానికీ మధ్య ఒక ఇరుకు దారి ఉంటుంది. వేళ్లని ముడిచే తాళ్లలాంటి స్నాయువులు, మీడియన్ అనే నరం ఆ దారిలోంచే వెళ్తాయి. గట్టిగా పట్టుకుని, మణికట్టు వంచి, అదే కదలిక వేలసార్లు చేస్తే లోపల వాపు వచ్చి నరం నలుగుతుంది. చిటికెనవేలికి వెళ్లేది వేరే నరం కాబట్టి దానికేమీ కాదు. తొందరగా పట్టుకుంటే రాత్రి పూట పట్టీ కట్టుకోవడం, పని తీరు మార్చడంతో చాలామందికి తగ్గుతుంది. ముదిరిపోతే బొటనవేలి కింద కండ పలచబడి పట్టు పోతుంది. అప్పుడు ఆపరేషన్ చేసినా పోయిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

"సెలవెందుకు పెట్టలేదమ్మా" అంటే, "ఫోటో పెట్టారు కదా మేడమ్, ఇప్పుడెలా పెడతాను" అంది. ఆ జవాబు రాసుకున్న కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

మర్నాడు వెనక్కొచ్చిన పార్సెళ్ల లెక్క తీశాను. టేప్ ఊడి, లేబుల్ వంకరై స్కాన్ అవక తిరిగొచ్చినవి ఎక్కువగా నాలుగు టేబుళ్లవి. వాటిలో ఒకటి ఆవిడది. హాజరు రిజిస్టర్లో ఆ నలుగురి పేర్ల ఎదురుగా ఉన్న సెలవులు మొత్తం విభాగంలోనే అతి తక్కువ.

1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని పనివాళ్ల జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రోగిని అడగాల్సిన పాత ప్రశ్నలకి ఇంకొకటి కలపమన్నాడు: నువ్వు చేసే పనేమిటి? మూడు శతాబ్దాలు దాటింది. ఆవిడ ఈ ఎనిమిది నెలల్లో ఇద్దరు డాక్టర్లకి చూపించుకుందట. నొప్పి మాత్రలు రాశారు. పని గురించి ఒక్కరూ అడగలేదట.

ఒక రోజు సెలవు ఖరీదు

మేనేజ్‌మెంట్‌తో మాట్లాడాలంటే లెక్క కావాలి. డబ్బు అంకెలు చోటుని బట్టి మారతాయి కాబట్టి నేను ఎప్పుడూ "రోజు జీతం" అన్న కొలతనే వాడతాను.

ఒక మనిషి జబ్బుపడి ఒక రోజు రాకపోతే అక్కడ జీతం ఇస్తారు. అది ఒక రోజు జీతం. ఆ టేబుల్ ఖాళీగా ఉంచలేరు కాబట్టి ఇంకొకరిని ఓవర్‌టైమ్‌లో ఉంచుతారు. ఆ సంస్థలో ఓవర్‌టైమ్ ఒకటిన్నర రెట్లు. అంటే ఆ రోజు ఆ టేబుల్ మీద పని జరగడానికి రెండున్నర రోజుల జీతం పోయింది. అకౌంట్స్ పుస్తకంలో ఈ రెండూ వేర్వేరు పద్దుల కింద పడతాయి. అందుకే ఈ రెండున్నర ఎవరి కంటా పడలేదు. సిక్ లీవ్ హెచ్‌ఆర్ ఖర్చుగా, ఓవర్‌టైమ్ ఆపరేషన్స్ ఖర్చుగా మిగిలిపోయాయి.

ఇక ఓవర్‌టైమ్ షీటునీ హాజరు రిజిస్టరునీ పక్కపక్కన పెట్టి చూశాం. ఈ పని ఎవరైనా ఒక మధ్యాహ్నంలో చేసుకోవచ్చు, చేసుకోవాలని నా కోరిక. ఒక వారం ఓవర్‌టైమ్ షీటులో గుత్తులుగా కనిపించిన పేర్లే, రెండు మూడు వారాల తర్వాత సిక్ లీవుల్లో కనిపించాయి. ఒకరి జబ్బుకి ఇంకొకరు ఓవర్‌టైమ్ చేసి అలసి జబ్బుపడితే, వాళ్ల బదులు మూడో మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మా షీటులో 55 గంటలు దాటిన వారాలు నలుగురైదుగురికి తరచుగా ఉన్నాయి. వాళ్లందరూ "కష్టపడే మనుషులు" అని పేరున్నవాళ్లు.

దీనికి తోడు హెచ్‌ఆర్ వాళ్లు బ్రాడ్‌ఫోర్డ్ ఫ్యాక్టర్ అనే సూత్రం వాడుతున్నారు. ఎన్ని విడతలుగా సెలవు పెట్టారో ఆ సంఖ్యని దానితోనే గుణించి, మళ్లీ మొత్తం సెలవు రోజులతో గుణిస్తారు. ఒకేసారి పది రోజులు సెలవు పెడితే స్కోరు 10. అదే పది రోజులు విడివిడిగా పదిసార్లు పెడితే 1,000. స్కోరు ఎక్కువైనవాళ్లకి మెమో వెళ్తుంది. చిన్నచిన్న సెలవులు పనిని ఎక్కువ ఇబ్బంది పెడతాయన్నది దాని వెనకున్న ఆలోచన. సూత్రం తెలిసిపోయాక మనుషులు ఏం చేశారంటే, ఒక రోజు పడుకుంటే తగ్గే జ్వరానికి సెలవు పెట్టడం మానేశారు. ఈడ్చుకుంటూ వచ్చి, బాగా ముదిరాక వారం పడుకున్నారు. స్కోరు తక్కువే వచ్చింది. హెచ్‌ఆర్ అమ్మాయికి ఈ లెక్క చూపించినప్పుడు చాలాసేపు స్క్రీన్ వంకే చూస్తూ ఉండిపోయింది. మెమోలు తన సంతకంతోనే వెళ్లాయి మరి.

నీళ్లు తాగని లైన్

ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన విషయం నాకు ఫస్ట్ ఎయిడ్ పుస్తకంలో దొరికింది. నొప్పి మాత్రలు ఎక్కువగా ఉంటాయని ఊహించాను, ఉన్నాయి కూడా. వాటి తర్వాత ఎక్కువగా కనిపించింది "మూత్రంలో మంట". రాసిన పేర్లన్నీ ఆడవాళ్లవే, దాదాపు అందరూ ఒకే లైన్ వాళ్లు. సిక్ లీవ్ ఫారాల్లో వాళ్లు రాసింది "జ్వరం" అనో "నడుం నొప్పి" అనో. మగ సూపర్‌వైజర్ చేతికి ఇచ్చే కాగితం మీద అసలు కారణం ఎవరు రాస్తారు?

భోజన విరామంలో ఆ లైన్ వాళ్లతో కూర్చున్నాను. వాటర్ బాటిల్ ఒక్కరి దగ్గరా లేదు.

"దాహం వేయదా?" అన్నాను.

"తాగితే వెళ్లాలి కదా మేడమ్" అంది ఒకమ్మాయి. మిగతావాళ్లు తలదించుకుని తింటున్నారు.

టాయిలెట్ హాలుకి అవతలి చివర ఉంది. నడిచి చూశాను, వెళ్లిరావడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. బెల్టు ఆగదు. టేబుల్ వదలాలంటే బదులు మనిషిని సూపర్‌వైజర్ చూపించాలి. బదులు మనిషి ఉండడు. అడిగితే "భోజనం దాకా ఆగలేవా" అంటాడు. ఒకవేళ వెళ్తే టేబుల్ మీదున్న స్క్రీన్‌లో ఆ నిమిషాలు ఎర్రగా పడతాయి. అందుకని ఆడవాళ్లు తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున లేచినప్పటి నుంచి షిఫ్టు అయ్యేదాకా గుక్కెడు కంటే ఎక్కువ తాగరు. నెలసరి రోజుల్లో ఎలా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. కాసేపయ్యాక ఒకావిడ, "ఆ రోజుల్లోనే జ్వరం అని రాస్తాం మేడమ్" అంది.

నీళ్లు తక్కువ తాగి, వచ్చినప్పుడు వెళ్లకుండా బిగబట్టుకుంటే మూత్రాశయంలో చేరిన బ్యాక్టీరియా కొట్టుకుపోయే దారి ఉండదు. దీని మీద 2018లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. మళ్లీమళ్లీ మూత్రాశయ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీలని రెండు గుంపులు చేసి, ఒక గుంపుని రోజుకి లీటరున్నర అదనంగా తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకి సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది, మామూలుగా తాగినవాళ్లకి 3.2 సార్లు. ఇంత చవకైన మందు ఇంకోటి ఉండదు. ఆ లైన్‌లో పాతిక మందికి అది అందకుండా ఆపుతున్నది బదులు మనిషి లేకపోవడం ఒక్కటే.

నాకు ఆ రోజు చాలా బాధ కలిగింది. జిమ్ గది కొలతలు తీసుకున్న కాగితం నా సంచిలోనే ఉంది.

కళ్లకలక వారం

రెండో వారం మధ్యలో, నేను అక్కడ ఉండగానే జరిగింది ఇది. ఒక కుర్రాడు ఎర్రటి కళ్లతో షిఫ్టుకి వచ్చాడు. నెలాఖరుకి మూడు రోజులుంది. నెలంతా ఒక్క సెలవూ లేకపోతే వచ్చే హాజరు బోనస్ పోతుందని వచ్చాడు. కళ్లు తుడుచుకున్న చేత్తోనే స్కానర్ పట్టుకున్నాడు. షిఫ్టు మారాక అదే స్కానర్ ఇంకొకరి చేతికి వెళ్లింది. తర్వాతి వారంలో 11 మందికి కళ్లకలక. ఒక లైన్ రెండు రోజులు సగం మందితో నడిచింది.

అతన్ని తప్పుపట్టలేం. బోనస్ మొత్తం పెద్దదే, ఇంట్లో దానికి లెక్కలున్నాయి. ఒక్కరి చేత ఒక రోజు పని చేయించుకోవడానికి ఇచ్చిన డబ్బు, పదకొండు మందిని ఇంటికి పంపింది.

ఇది మా గోదాము ఒక్కదాని కథ కాదు. అమెరికాలో కొన్ని నగరాలు, రాష్ట్రాలు జీతంతో కూడిన సిక్ లీవు తప్పనిసరి చేసినప్పుడు అక్కడ ఫ్లూ లాంటి జబ్బుల రేటు తగ్గిందని స్టెఫాన్ పిచ్లర్, నికోలస్ జీబార్త్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చూపించారు. జర్మనీలో ఒక గొలుసు దుకాణాల సంస్థలో అప్రెంటిస్‌ల మీద చేసిన ప్రయోగంలోనైతే హాజరుకి డబ్బు బోనస్ పెడితే గైర్హాజరు తగ్గకపోగా పెరిగింది.

ఒంట్లో బాగోకపోయినా పనికి రావడాన్ని ప్రెజెంటీయిజం అంటారు. సెలవుకి రిజిస్టర్లో ఒక గడి ఉంది, దీనికి ఏ గడీ లేదు. వంకర లేబుల్ రూపంలో, ఊడిన టేప్ రూపంలో, పక్కవాళ్ల కళ్లకలక రూపంలో వస్తుంది. ఈ విభాగంలో జబ్బు వల్ల పోతున్న డబ్బులో పెద్ద భాగం సెలవు పెట్టినవాళ్ల వల్ల కాదు, సెలవు పెట్టలేక వచ్చినవాళ్ల వల్ల అని నేను రిపోర్టు మొదటి పేజీలోనే రాశాను.

జిమ్ ఎందుకు వద్దన్నాను

మేనేజర్ గారు నిరాశపడ్డారు. వెల్‌నెస్ మీద, అంటే ఉద్యోగుల ఆరోగ్యం పెంచడానికి సంస్థలు నడిపే ఇలాంటి కార్యక్రమాల మీద, పెట్టిన డబ్బు రెట్టింపై తిరిగొస్తుందని ఆయన చదివారు. ఆ మాటకి ఆధారం లేకపోలేదు. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ గుదిగుచ్చి 2010లో క్యాథరిన్ బేకర్, డేవిడ్ కట్లర్, జిరుయ్ సాంగ్ ఒక వ్యాసం రాశారు. ఒక డాలరు ఖర్చు పెడితే వైద్య ఖర్చులో 3.27 డాలర్లు, గైర్హాజరు ఖర్చులో 2.73 డాలర్లు మిగులుతాయని అందులో తేలింది. చాలా ప్రెజెంటేషన్లలో తిరిగేవి ఈ అంకెలే.

ఆ ముగ్గురిలో ఇద్దరు, బేకర్, సాంగ్, తర్వాత ఇంకా గట్టి పరీక్ష పెట్టారు. 160 శాఖలు, 32,974 మంది ఉద్యోగులు ఉన్న ఒక హోల్‌సేల్ సంస్థలో లాటరీ పద్ధతిలో 20 శాఖలు ఎంచి అక్కడ మాత్రమే వెల్‌నెస్ కార్యక్రమం నడిపించారు. 2019లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిన్నర తర్వాత వ్యాయామం చేస్తున్నామని, బరువు చూసుకుంటున్నామని చెప్పినవాళ్లు ఆ 20 శాఖల్లో పెరిగారు. బీపీ, కొలెస్ట్రాల్ లాంటి కొలతల్లో, వైద్య ఖర్చులో, గైర్హాజరులో, పనితీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తమ పాత అంకెల్ని తామే మళ్లీ పరీక్షకి పెట్టిన ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం.

అదే ఏడాది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఉద్యోగులు 4,834 మంది మీద చేసిన ఇంకో ప్రయోగం ఫలితాలూ అచ్చయ్యాయి. అక్కడ తేలింది నాకు ఇంకా ఉపయోగపడింది. స్వచ్ఛందంగా వచ్చి చేరినవాళ్లు మొదటి నుంచీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే, వాళ్ల వైద్య ఖర్చు ముందు నుంచీ తక్కువే. చేరినవాళ్లనీ చేరనివాళ్లనీ పోలిస్తే కార్యక్రమం అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. లాటరీ వేసి పోలిస్తే ఆ తేడా మాయమవుతుంది. మా గోదాములో జిమ్ పెడితే ఎవరు వెళ్తారో నేను పేర్లతో సహా చెప్పగలిగేదాన్ని: ఆఫీసు గదుల్లో పనిచేసే నలుగురైదుగురు కుర్రాళ్లు. ఎనిమిది గంటలు నిలబడి, దాహంతో, తిమ్మిరెక్కిన చేత్తో షిఫ్టు దిగిన మనిషి ట్రెడ్‌మిల్ ఎక్కదు.

జబ్బు ఉన్నవాళ్లని పట్టించుకోవడం మాత్రం వేరే సంగతి. అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఒక పెద్ద కంపెనీ లెక్కలు తీస్తే, వెల్‌నెస్ వల్ల వైద్య ఖర్చులో మిగిలిన సొమ్ములో 87 శాతం సుగర్, బీపీ, ఆస్తమా లాంటి దీర్ఘకాల జబ్బులు ఉన్నవాళ్లకి అండగా నిలిచిన భాగం నుంచే వచ్చింది. అందుకే నా సూచనల్లో దాన్ని ఉంచాను.

చేసినవి

అన్నిటికంటే ఖరీదైనది, అన్నిటికంటే గొడవ అయినది రిలీవర్ల ఏర్పాటు. ప్రతి షిఫ్టుకీ ఇద్దరు మనుషులు. వాళ్లకి సొంత టేబుల్ ఉండదు. వరసగా ఒక్కో టేబుల్ దగ్గరికి వెళ్లి పది నిమిషాలు నిలబడతారు. ఆ పది నిమిషాలూ టేబుల్ మనిషివి. ఎవరినీ అడగక్కర్లేదు, స్క్రీన్ మీద ఎరుపు రాదు. మూడు షిఫ్టులకి ఆరుగురు కొత్తవాళ్ల జీతం అంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. జిమ్ బడ్జెట్ దానికి సరిపోదు. ఓవర్‌టైమ్ ఖర్చులోంచి తీయాలి. ఓవర్‌టైమ్ తగ్గితేనే ఆ డబ్బు మిగులుతుంది, రిలీవర్లు వస్తేనే ఓవర్‌టైమ్ తగ్గుతుంది. చివరికి ఒక్క షిఫ్టులో, మూడు నెలలు, ఇద్దరితో మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు.

సూపర్‌వైజర్ గట్టిగా అడ్డుపడ్డాడు. "గంటకోసారి అందరూ బయటే ఉంటారు డాక్టర్ గారూ, టార్గెట్ ఎవరిస్తారు? పైనుంచి ఫోన్ వచ్చేది నాకే కదా." ఆ మాటలో ఉన్న టెన్షన్ విని, సాయంత్రం కాసేపు కూర్చోమని అతని బీపీ చూశాను. 170/104. కాసేపాగి మళ్లీ చూసినా అంతే. మందులు రాసి ఏడాది అయిందట, అయిపోయాక కొనడానికి తీరిక దొరకలేదట. రాత్రి షిఫ్టు ఎలా నడుస్తోందో అని ఇంటి దగ్గర కూడా ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుంటాడు.

లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద మైఖేల్ మార్మట్ బృందం 1985లో మొదలుపెట్టిన వైట్‌హాల్ రెండో అధ్యయనంలో 10,308 మందిని ఏళ్ల తరబడి గమనించారు. తమ పని ఎలా చెయ్యాలో తమ చేతిలో లేనివాళ్లకి గుండెజబ్బు ఎక్కువగా వచ్చింది. మా సూపర్‌వైజర్ పరిస్థితి సరిగ్గా అదే. టార్గెట్ అతనిది, మనుషుల సంఖ్య పెంచే అధికారం మాత్రం అతనిది కాదు. కసురుకునే మనిషిగా లైన్ అంతా అనుకునే అతను కూడా ఈ పని వల్ల జబ్బుపడుతున్న మనిషే. రిలీవర్లని ఎప్పుడు ఏ టేబుల్‌కి పంపాలో నిర్ణయం పూర్తిగా అతనికే వదలమని మేనేజర్ గారిని అడిగాను. పట్టిక అతనే గీశాడు. నేను గీసిన దానికంటే బాగుంది.

మిగతావి తేలిగ్గానే అయ్యాయి. రెండు లైన్ల మధ్య నీళ్ల కూలర్ పెట్టారు. టేబుళ్ల కాళ్లకి ఎత్తు మార్చే స్క్రూలు బిగించి, పెట్టె పైభాగం మనిషి మోచేతికి కాస్త కిందకి వచ్చేలా సర్దారు. విసరక్కర్లేకుండా మీట నొక్కితే టేప్ తెగే, టేబుల్ మీద నిలబెట్టే యంత్రాలు మొదట ఆరు తెప్పించారు. స్కానర్లని షిఫ్టు మారినప్పుడు తుడుస్తున్నారు. హాజరు బోనస్ తీసేసి ఆ మొత్తాన్ని జీతంలో కలిపేశారు. సిక్ లీవు కారణం ఇక సూపర్‌వైజర్‌కి చెప్పక్కర్లేదు. ఫస్ట్ ఎయిడ్ గది నర్సుకి ఫోన్ చేస్తే చాలు. సుగర్, బీపీ ఉన్నవాళ్లకి నెలకోసారి షిఫ్టు సమయంలోనే నర్సు చూసి, మందులు ఉన్నాయో లేదో కనుక్కుంటుంది.

తగ్గినవి, తగ్గనివి

మొదటి రెండు నెలల్లో సిక్ లీవులు పెరిగాయి. ఇలా జరుగుతుందని ముందే రాసిచ్చాను కానీ కాగితం మీద చదవడం వేరు, నెలాఖరు రిపోర్టులో చూడటం వేరు. పైనుంచి ఫోన్లు వచ్చాయి. ఇన్నాళ్లూ ఈడ్చుకొచ్చినవాళ్లు ఇప్పుడు మొదటి రోజే ఇంట్లో ఉంటున్నారు, అదే పెరుగుదల. సెలవుల సంఖ్య పెరిగినా ఒక్కో సెలవు పొడవు తగ్గుతోందని నర్సు పుస్తకం చూపిస్తే మేనేజర్ గారు ఇంకో నెల ఆగారు. ఈ దశలోనే చాలాచోట్ల ఇలాంటి ప్రయత్నాలు ఆపేస్తారు. మీరు ఈ పని మొదలుపెడితే ఆ రెండు నెలల మాట ముందే, రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

మూడో నెల నుంచి ఆ షిఫ్టులో ఓవర్‌టైమ్ గంటలు తగ్గడం మొదలైంది. ఐదో నెలకి తగ్గిన ఓవర్‌టైమ్ ఇద్దరు రిలీవర్ల జీతాన్ని దాటింది. వెనక్కొచ్చే పార్సెళ్లు ఆ నాలుగు టేబుళ్ల నుంచి బాగా తగ్గాయి. ఫస్ట్ ఎయిడ్ పుస్తకంలో "మూత్రంలో మంట" అన్న మాట ఆ షిఫ్టులో అరుదుగా కనిపిస్తోంది. సూపర్‌వైజర్ భయపడినట్టు అందరూ గంటకోసారి వెళ్లలేదు. మొదటి వారం వెళ్లారు, తర్వాత ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇది లాటరీ వేసి చేసిన ప్రయోగం కాదు. ఆరేడు మార్పులు ఒకేసారి చేశాం, ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. పని తక్కువుండే నెలలు మధ్యలో వచ్చాయి. మిగతా రెండు షిఫ్టుల్లో మార్పు లేకపోవడం చూసి నమ్మకం కలిగింది కానీ, రాత్రి షిఫ్టునీ పగటి షిఫ్టునీ పోల్చడం సరైన పోలిక కాదని నాకు తెలుసు.

రాత్రి షిఫ్టు నిద్ర సమస్య అలాగే ఉంది. వారానికోసారి షిఫ్టు మారుస్తున్నారు, వొళ్లు అలవాటు పడేలోపే మళ్లీ మార్పు. దాన్ని ముట్టుకోవాలంటే లారీలు వచ్చే వేళలు మార్చాలి. కాంట్రాక్టు మీద వచ్చే లోడింగ్ వాళ్లకి జీతంతో సిక్ లీవు ఇప్పటికీ లేదు. వాళ్లు ఎత్తే బరువులు చూశాను. పనివాళ్ల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఇచ్చిన బరువులెత్తే సూత్రంలో అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా సిఫారసు చేసే పైహద్దు 23 కిలోలు. ఒంగి, పక్కకి తిరిగి ఎత్తితే హద్దు ఇంకా దిగుతుంది. వాళ్లు ఒంగి, పక్కకి తిరిగి అంతకంటే ఎక్కువే ఎత్తుతున్నారు. వాళ్ల నడుం నొప్పి ఈ సంస్థ పుస్తకాల్లో ఏ పద్దులోనూ పడదు. రిపోర్టులో రాశాను. వచ్చే సమీక్షలో మళ్లీ రాస్తాను.

ఫోటో ఆవిడ నరం పరీక్ష చేయించుకుంది. ఒత్తిడి మధ్యస్థంగా ఉంది, కండ ఇంకా పలచబడలేదు. మూడు వారాలు సెలవు పెట్టింది. సెలవు ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు పెన్ను రెండుసార్లు జారింది, మూడోసారి ఎడమచేత్తో ఆసరా పట్టుకుని రాసింది. తిరిగొచ్చాక కొత్త టేప్ యంత్రం ఉన్న టేబుల్ ఇచ్చారు. రాత్రి పట్టీ కట్టుకుంటోంది. వారంలో ఒకటి రెండు రోజులు తప్ప తిమ్మిరికి మెలకువ రావట్లేదంది. బోర్డు మీద ఆవిడ ఫోటో ఉన్నచోట ఇప్పుడు సూపర్‌వైజర్ గీసిన రిలీవర్ల పట్టిక అంటించి ఉంది. ఫోటో అడిగి ఇంటికి తీసుకెళ్లిందట.